దీపం వెనక తలుపు

కరపత్రంలో మూడే ముక్కలు:
తేలిక నడక. గంట సేపు. చుట్టు తిరిగి మొదటికే.
ఫింటన్ హాలరన్‌కి తుంటి మార్చి తొమ్మిది వారాలు.
"తేలిక" దగ్గర వేలు పెట్టి
"ఇది రాసినవాడి తుంటి వయసెంత?" అన్నాడు.

నేను ఫిజియోథెరపిస్టుని. నవ్వను, లెక్కపెడతాను.
తొంభై డిగ్రీలు దాటి వంగొద్దని మరోసారి చెప్పి
పోర్ట్ ఫెయిరీ వార్ఫు మీద నడిపించాను.
నాలుగువందల పన్నెండు అడుగులకు రెండు ఆగుళ్ళు:
ఒకటి ఊపిరికి,
ఒకటి పడవతాడు ముడి తప్పుగా వేసిన కుర్రాణ్ణి తిట్టడానికి.

వంతెన దాటాక దీవి మొదట్లో
దారి రెండుగా చీలింది.
నా కాళ్ళు వాటంతటవే ఎడమకు తిరిగాయి.
దేని చుట్టూ తిరిగినా కుడిభుజం లోపలివైపుండాలని
నాకెవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, భుజానికే తెలుసు.
అతనికీ ఒక శాస్త్రముంది.
రేవులోకి వచ్చేటప్పుడు ఎర్ర బోయా ఎడమచేతికి, పచ్చది కుడికి,
తాగి ఉన్నా, తుఫానులోనైనా, పెళ్ళిరోజునైనా అంతే.
"మరిప్పుడు మనం వస్తున్నామా, వెళ్తున్నామా?"
ఇద్దరికీ తెలీలేదు.
చేతికర్ర ఎడమకు తిరిగింది.

నవంబరు చివర.
దారికి అటూ ఇటూ గడ్డి కింద బొరియలు,
చెంబు దూరేంత.
పాడుబడ్డ ఇళ్ళలా ఉంటాయి పగలు.
లోపల తల్లో తండ్రో, ఎవరి వంతు వాళ్ళది,
ఒకే ఒక్క గుడ్డు మీద.
సగం భూగోళం ఎగిరొచ్చి
పోయినేడు వదిలిపోయిన చీకటిని వెతుక్కుంటాయట ఈ మటన్ బర్డ్స్.
దారి దిగకండి, అని బోర్డు.
కర్ర మొన ఎత్తి ఎత్తి వేస్తున్నాడు ఫింటన్,
నిద్రపోతున్నవాళ్ళ మధ్య మంచినీళ్ళకి లేచినవాడిలా.

సగం చుట్టు దాటాక తప్పిపోయాడు.
అంటే నా పక్కనే ఉన్నాడు,
కానీ తన వంటగదిని అద్దంలో చూస్తున్నట్టు చూస్తున్నాడు.
యాభై రెండేళ్ళు క్రేఫిష్ బుట్టలతో ఈ దీవి పక్కనుంచి
వచ్చాడు, వెళ్ళాడు.
కాలు పెట్టడం ఇదే మొదలు.
"తీరికేదీ" అన్నాడు.
కాసేపాగి, "అవసరమేదీ" అన్నాడు.
ఇంకాసేపాగి బూటు చూసుకుంటూ
"వీళ్ళు ఊరికే గుండ్రంగా తిరుగుతుంటే నవ్వొచ్చేది."

నీళ్ళ మీదినుంచి అతనికి తెలిసిన దీవి వేరు.
రెండు నల్లరాళ్ళు ఒకదాని వెనక ఒకటి దాక్కుంటే దారి సరి.
మూడోది తల చూపిందా, పడవ అడుగు పోయినట్టే.
ఆ మూడో రాయి ఇప్పుడు మా మోకాలి ఎత్తున ఉంది.
దాని మీద ఎవరి పాపదో ఒంటి చెప్పు, సగం తిన్న ఆపిల్.
అరచెయ్యి ఆనించి చూశాడు.
"వెచ్చగా ఉంది" అన్నాడు, ఫిర్యాదు చేస్తున్నట్టు.

లైట్‌హౌస్ దగ్గరయితే పూర్తిగా నిలిచిపోయాడు.
"దీనికి తలుపుందా!"

దీపమంటే అతనికి
చీకట్లో కొన్ని రెప్పపాట్లు, మధ్యలో బిగబట్టిన అంకెలు.
ఇదేమో గోడ.
పెచ్చులూడిన రంగు, తాళం, తాళం మీద సాలెగూడు.
కాపరుల ఇళ్ళు ఎప్పుడో పడగొట్టారు.
వాళ్ళ ఆడవాళ్ళు నాటినవి మాత్రం
ఎవరి వాకిలో తెలీని చోట, వరస తప్పి, పూస్తూనే ఉన్నాయి.

కర్ర నాకిచ్చి
తలుపు తట్టాడు. రెండుసార్లు.
పాత బాకీ తీర్చడానికి వచ్చినవాడి మర్యాదతో.
ఎవరూ రాలేదు. ఎవరూ రారని తెలుసు.
అయినా కాస్త ఆగాడు, లోపల ఎవరైనా
చెయ్యి కడుక్కుంటున్నారేమోనన్నట్టు.

ఊతం లేకుండా పదకొండు నిమిషాలు నిలబడ్డాడు,
అని రాసుకున్నాను కాగితంలో.
మిగతాదానికి గడి లేదు.

తిరిగొచ్చేసరికి వార్ఫు మీద
కుర్రాడు లేడు. ముడి అలాగే ఉంది.
ఫింటన్ ఈసారి తిట్టలేదు.
తల వంచి చూశాడు, అటు తిరిగి చూశాడు.
"నీళ్ళవైపునుంచి చూస్తే సరిగానే ఉందేమో."

తర్వాత
నేను వద్దన్న డిగ్రీలన్నీ దాటి వంగి
విప్పి, మళ్ళీ కట్టాడు.