ఏం పెడితే అది

మిర్యాలగూడల రైసు మిల్లుల సందుల,
ఊక ఎగిరొచ్చి గడపకు అంటే కాడ
ఎనిమిది స్టూళ్ల హోటల్.
బోర్డు లేదు. ధరల పట్టీ లేదు.
"జపానోళ్ల పద్ధతమ్మా,
నేనేం పెడితే అది తినుడే" అన్నడు జానయ్య,
మీసం సరిగ రాని పిల్లగాడు.
అండాలు పక్కున నవ్వింది:
"ముప్పై ఒక్క యేండ్లు మనం చేసింది గదేనాయె!"

నిజమే.
ఆడపిల్లల హాస్టల్, రెండు వందల పదహారు కంచాలు.
సోమారం ఉప్మా, మంగళారం గుడ్డు.
ఏ పిల్లనూ అడగలే, ఏం తింటవని.
మమ్ముల గుడ ఎవ్వలూ అడగలే.

ఇయ్యాల్టితోని అయిపోయింది.
కప్పిన శాలువాలు మడత ఇప్పకుండనే సంచిల ఉన్నయి.
చీటీ ఎత్తిన పైసలు కొంగున ఉన్నయి.

ముందుగాల చిన్న గిన్నెల చారు.
చారంటే చారు గాదు,
నాచు నానబెట్టిన వేడి నీళ్లు.
అండాలు మూతి ముడిసింది.
రెండో గుటకకు ఇడిసింది.

తినుడు కంటె ముందు మేము
వాని చేతులనే సూస్తున్నం.
కత్తి యాడ పట్టిండు, బట్టతోని ఎన్నిసార్లు తుడిసిండు,
తడి అరచేతుల మెతుకు నలగకుండ ఎట్ల ఒత్తిండు.
"అన్నం జర మెత్తగైంది" అన్నది అండాలు నా చెవుల.
"అతుకాలె గదనే" అన్న నేను,
జపాను పోయొచ్చిన దాని లెక్క.
వాడు ఇన్నడు. తల ఎత్తలే.
"మా నాయిన బస్తాలు మోసిన మిల్లు బియ్యమే" అన్నడు.

పొద్దుగాల మచిలీపట్నం బస్సుల
ఐసు డబ్బల వచ్చిన చేప,
పచ్చిది, అన్నం మీద ఒరిగి పండుకున్నది.
మందుగోలి మింగినట్టు కండ్లు మూసుకున్న.
సల్లగ జారింది.
కండ్లు తెరిసేసరికి
ఇంకోటి ఉంటే బాగుండనిపిచ్చింది.

మర్రిగూడ బోరు నీళ్లు తాగి పెరిగిన చెయ్యి నాది,
మణికట్టు మలగదు.
ఎవ్వలకూ చెప్పలే.
మూడో ముక్క నుంచి
నాది రెండు తుంటలు చేసి
ఎడమ దిక్కు పెట్టవట్టిండు వాడు.

అడగకపోవుడు గుడ రెండు తీర్లుంటదా?
తీరిక లేక అడగకపోవుడు ఒకటి,
సూసినంక అడిగే పని లేకపోవుడు ఒకటి.
కందిపప్పు పడక ఒళ్లంత దద్దుర్లొచ్చే పిల్ల
యాదికొచ్చింది, రెండు జడలది.
పేరు రాలే.
ఎంత గుంజినా రాలే.

"ఆఖరుది మీ ఇష్టం" అన్నడు జానయ్య.
"మిరపకాయ బజ్జి!" అండాలుకు ఊపిరి గుడ ఆగలే.
వాడు నవ్వి నూనె పెట్టిండు.
నా వంతొచ్చింది.
నోరు తెరిసిన.
అండ్ల ఏం లేదు.

"దానికి మాడు చెక్క ఇష్టం తమ్మీ,
గుండిగ అడుగున రోజూ గీకి గీకి తింటది."

ఇష్టమా అది?
రోజూ మిగిలేదే అది గద.

వాడు కుండ వంచిండు, గరిటె సప్పుడైంది.
నల్లగ, జర ఎర్రగ, మీద ఉప్పు చల్లి
పళ్లెంల పెట్టిండు, చేప పెట్టినంత పైలంగ.
అండాలు నా మొకమే సూస్తున్నది.
ఎడమ దవడకేసి కొరికిన. కర్రుమన్నది.

కొద్దిసేపు నమిలిన.

"ఇంకొంచెం గీకు బిడ్డా" అన్న.