మూడో గడి

టింగ్.
స్క్రీన్ కుడి మూల, కింద,
పిలవని పేరంటానికి వచ్చి కూర్చున్నట్టు ఒక పెట్టె.
"కొత్త వెర్షన్ సిద్ధం.
ఇప్పుడే వేసుకుంటారా?
తర్వాత గుర్తుచేయమంటారా?"

ఆ టింగ్ కూడా శుద్ధంగా ఉండదు,
వీసమెత్తు తగ్గి పలుకుతుంది.
నలభై ఏళ్లుగా టార్టూలో పియానోలకు శ్రుతి చేస్తున్నవాణ్ణి.
పంటి కింద రాయి నాకది.

తర్వాత, అని నొక్కుతాను.
నా తర్వాత అంటే ఏట్లో మంచు కరిగాక.
దాని తర్వాత అంటే నాలుగు గంటలు.

మాది సూప్‌పేట, బఠానీ వీధి.
పక్కది చిక్కుళ్ల వీధి, ఇంకాస్త పోతే బంగాళాదుంపలది.
వంటింటి కిటికీ కింద ఈ కంప్యూటర్,
అందులో తీగల బిగువు కొలిచే పాత ప్రోగ్రామ్.
రాసినాయన పోయాడు, అమ్మిన కంపెనీ పోయింది,
అది మాత్రం బతికుంది.
పోయినసారి బుద్ధి తక్కువై "ఇప్పుడే" అన్నాను.
వారం రోజులు అది నన్ను గుర్తుపట్టలేదు.

మొదట అట్టముక్క కోసి ఆ మూలకి అతికించాను.
కనిపించలేదు, వినిపించింది.
స్పీకరు తీగ పీకాను.
వినిపించలేదు గానీ
అట్ట అంచున సన్నటి వెలుగు,
తలుపు సందులోంచి ఎవరో చూస్తున్నట్టు.

శనివారం పై అంతస్తు ఎండ్లా దిగి వచ్చింది,
బస్సు డిపోలో లెక్కలు చూసే మనిషి.
అట్టముక్క చూసి నవ్వలేదు, అది ఆవిడ మంచితనం.
సెట్టింగుల కింద సెట్టింగులు, వాటి కింద ఇంకొన్ని,
పెయిప్సి సరస్సు ఒడ్డు ఉల్లిపాయ ఒలిచినట్టు ఒలుస్తూ పోయింది.
అడుగున పొడుగు జాబితా:
నేను పడుకున్నాక నా ఇంట్లో తిరిగే పనివాళ్ల పేర్లన్నీ.
ఒక పేరు మీద వేలు పెట్టి
"రోజూ తలుపు బాదేది వీడే, హెల్దూర్" అంది.
"ఆటోమేటిక్" తీసి "నిలిపివేయి" పెట్టింది.

అప్పుడడిగింది మిషను:
"నిజంగానే అంటున్నారా?
అవును. కాదు."

రెండేళ్లుగా
కాదనే మాటే పుట్టనట్టు నటించిన పెట్టె,
తన్నే వద్దనేసరికి
ఎక్కడో దాచినది గబగబా తీసుకొచ్చింది.

"భద్రతవి మాత్రం నెలకోసారి నువ్వే చేత్తో వేసుకో,
మర్చిపోయావంటే తాళం వెయ్యని ఇల్లే" అని
మెట్లెక్కి వెళ్లిపోయింది ఎండ్లా.
క్యాలెండర్లో మొదటి ఆదివారాలకి సున్నాలు చుట్టాను.

ఆ సాయంత్రం, నిశ్శబ్దం.
వసంతకాలపు కార్డులు అచ్చు వేద్దామని కూర్చున్నాను.
ముప్ఫై ఏళ్లుగా, ఏడాదికి రెండుసార్లు, అవే మాటలు:
"మీ పియానో శ్రుతి తప్పి ఉంటుంది.
మార్చిలో రమ్మంటారా?
మేలో రమ్మంటారా?"
పక్కన టిక్కు పెట్టడానికి గడులు.
రెండు.

చెయ్యి అక్కడే ఆగింది.

ఇల్మె గారు గుర్తొచ్చారు. ఎప్పుడూ మే నెలే.
నేను వెళ్లి నీలం కూజా దించి, మూత ఎత్తి,
ఒక్కో మెట్టు మీదా దుమ్ము తుడిచేవాణ్ణి.
నిరుడు తుడిచింది కూడా నేనే.
మధ్యలో ఏ వేలూ పడలేదు.
నాకు తెలుసు. తెలిసే
బిల్లు రాసి, కూజా పైన పెట్టి వచ్చేవాణ్ణి.

మూడో గడి గీశాను. వద్దు.
అచ్చులో ఆ మాట ఎందుకో కాస్త పెద్దగా పడింది.
అరవై రెండు కార్డులు. అలాగే పోస్టు చేశాను.

పదకొండు మంది వద్దన్నారు.
లెక్క చూసుకుంటే, చలికాలం కట్టెలకి కొంచెం కటకటే.

ఇల్మె గారి కార్డు అన్నిటికన్నా ముందొచ్చింది.
మూడో గడిలో టిక్కు,
దాని మీదే మళ్లీ టిక్కు, పెన్సిలు ములుకు విరిగిన మచ్చ.
వెనక్కి తిప్పి వేలితో తడిమాను.
గీత అవతలిదాకా తేలి ఉంది.