జానెడు

పొద్దున్నే కాఫీకి ముందు కొలవాలట.
కంచరపాలెంలో మేడమీది వాటా మాది.
గూడ్సుబండి పూర్తిగా వెళ్లిపోయి
కిటికీ ఊచలు వణకడం మానేదాకా ఆగి
ఎడమ మణికట్టుకి పట్టీ చుడతాను.
చేతిగడియారం వదిలేసిన తెల్లమచ్చ మీద
సరిగ్గా కూర్చుంటుంది.

"వీపు ఆనించండి. పాదాలు నేలమీద. మాట్లాడకండి.
చెయ్యి గుండెకి సమానంగా ఉండాలి," అంది
డాక్టరు పిల్ల.
సమానం సంగతి నాకు చెబుతుందా!
ముప్పయ్యొక్క ఏళ్లు సర్వే పార్టీలో
స్టాఫు కర్ర పట్టినవాణ్ని.
సింహాచలం కొండ వెనక, కొమ్మాది జీడితోటల్లో
కర్ర నిటారుగా నిలబెట్టి నేను ఊపిరి బిగబడితే
అవతల మూడుకాళ్ల మీది లెవెల్లోంచి
భానోజీరావు గారు ఒంటికన్నుతో అంకె చదివేవారు.
రైల్వేస్టేషన్లో పసుపు బోర్డుకే కాదు,
ఈ ఊళ్లో ప్రతి గుమ్మానికీ సముద్రంతో ఒక లెక్కుంటుంది.
ఇప్పుడు నా చేతికి గుండెతో లెక్క.

మీట నొక్కితే పిల్లి గురక లాంటి చప్పుడు.
బేరం తెగని రొయ్యల వ్యాపారిలా
మణికట్టు పట్టుకుని వదలదు.
వేళ్లు తిమ్మిరెక్కాక, ఇక చాల్లెమ్మని, వదులుతుంది.
నూట యాభై ఎనిమిది.
కింద తొంభై ఆరు.

రక్తపోటు అని పేరు పెట్టినవాడెవడో
సముద్రం పక్కన పుట్టినవాడే అయ్యుంటాడు.
పైది పోటు, కిందది ఆటు.
నా ఆటు కూడా గట్టు దిగడం లేదు.

రెండోసారి
మోచెయ్యి బల్లకి ఆనించి
మణికట్టు గడ్డం దాకా ఎత్తాను.
ఎందుకెత్తావని అడగొద్దు.
నూట ముప్పయ్యెనిమిది!
"ఎంతొచ్చింది?" అని వంటింట్లోంచి పైడితల్లి.
అదే చెప్పాను.
"అయితే చద్దన్నంలోకి మాగాయ వెయ్యనా?"

ఎత్తితే అంకె తగ్గుతుంది.
ఇది నాకు ఈ మిషను నేర్పిన విద్య కాదు.

తొంభై నాలుగులో, మధురవాడ అవతల,
గెడ్డ పక్కన ఒక లేఅవుటు.
లెవెల్ వెనకనుంచి భానోజీరావు గారి చెయ్యి ఊగింది.
ఎడమకి కాదు, కుడికి కాదు,
పైకి.
అర్థం కానట్టు ఒకసారి చూశాను.
మళ్లీ పైకే.
కర్ర కింద ఒక ఇటుక పెట్టాను, నిలువుగా.
జానెడు.
కాగితం మీద నేల జానెడు లేచింది.
నేలమీద నేల
ఎక్కడిదక్కడే ఉంది.
జానెడు పొట్ట కోసమే కదా అనుకున్నాను.
సాయంత్రం జేబులో పడ్డ నాలుగు వందలతో
పూర్ణామార్కెట్లో కుక్కరు కొన్నాను.
గాస్కెట్లు ఎన్ని మార్చామో గానీ
ఇప్పటికీ వంటింట్లో కూసేది అదే.

కిందటేడు తోడల్లుడికి అద్దె ఇల్లు వెతుకుతూ
ఆ వీధికే వెళ్లాను.
గోడమీది మట్టిచారని దాచలేక
ఇంటావిడ కాసులమ్మ చెయ్యి చాపి జాన పెట్టి చూపించింది.
"వానాకాలం రెండు మూడు రోజులే బాబూ. ఇంతే వస్తాది.
మంచం ఎత్తుకుంటే సరిపోద్ది."
మంచంకోళ్ల కింద నాలుగు ఇటుకలు.
నిలువుగా.
కాసిని మంచినీళ్లిమ్మని అడిగి
తాగకుండానే వచ్చేశాను.

బీపీ అంకెలు రాసుకునేది
పాత లెవెల్ బుక్కులోనే.
గళ్లు అలాగే ఉన్నాయి:
వెనకచూపు, ముందుచూపు, చివర రిమార్కులు.
మూడోసారి తువ్వాలు మడిచి ముంజేతి కింద పెట్టాను.
మణికట్టు గుండెకి ఎదురుగా వచ్చింది.
కుక్కరు కూత ఆగేదాకా ఆగి మీట నొక్కాను.
నూట అరవై ఒకటి, తొంభై ఎనిమిది.
పెన్నుతోనే రాశాను.
రిమార్కుల గడిలో "ఇటుక లేకుండా" అని రాశాను.

పైడితల్లి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి
పుస్తకంలోకి వంగి చూసింది.
"ఇటుకేంటి?"
"కొలిచాక కూడా కాసేపు మాట్లాడకూడదట," అన్నాను.

నా మొహంలోకి ఒకసారి చూసి
ఏమీ అనకుండా లోపలికెళ్లి
మాగాయ జాడీని
అటక మీదికి ఎత్తేసింది.