ఆరు పక్కన ఏడు

మూడు నెలలకొకసారి
కావలిలో మా మిద్దె మీద గదిలో
లాప్‌టాప్ తెరిచి బొంబాయిని పిలుస్తాను.
ముప్పయ్యేళ్లు అకౌంటెన్సీ చెప్పిన గొంతును
మంచినీళ్లతో తడుపుకుని
ట్రస్టీలందరికీ నమస్కారం పెడతాను.

ఈసారి అజెండా పద్నాలుగు పేజీలు.
అంశం ఆరు: ట్రస్టీల సిట్టింగ్ ఫీజు పెంపు.
అంశం ఏడు: ఒకే కంపెనీలో పెట్టుబడికి హద్దు.
చట్టం గీసింది పది శాతం,
మనకు మనం గీసుకున్నది ఎనిమిది.
ఆ ఎనిమిదిని చెరిపెయ్యమని మనవి.

ఆరు పక్కన ఏడు. లెక్కల్లో మామూలే.
నాకెందుకో ఆ రెండంకెలూ
ఒకే బెంచీ మీద ఒరుసుకు కూర్చుని
గుసగుసలాడుతున్నట్టు కనిపించాయి.

మా నాయన మాలకొండయ్య
ఇసకపల్లి ఉప్పు కొటారుకు కాపలా.
మడుల్లోంచి ఎత్తిన ఉప్పు పొద్దుగూకే వేళకు రాశి పోశాక
కొయ్యముద్ర పట్టుకుని
రాశి చుట్టూ అద్దేవాడు, నడినెత్తిన ఒకటి.
తెల్లారి ఒక్క అక్షరం చెదిరినా
రాత్రి ఎవరిదో చెయ్యి పడినట్టు.
ఇంటికి బయల్దేరేముందు గేటు దగ్గర
ఎవరూ అడక్కపోయినా
పంచె కుచ్చిళ్లు విప్పి దులిపేవాడు.
"జీతం వేరు, రాశి వేరు పాపా."
గవర్నెన్సు గురించి ఆయనకు తెలిసింది అంతే.
మా ఇంట్లో ఉప్పు, అంగట్లో కొన్నదే.

తెర మీద ఫండ్ మేనేజరు కుర్రాడు
పైకి పాకుతున్న గీతను చూపించాడు.
"పెరిగేదాన్ని ఆపడమెందుకు మేడమ్?"

బాబూ, అల్లూరు వైపు రొయ్యల గుంటలు చూశావా?
పోయినేడు బాగా పండిందని
ఉన్నదంతా ఒకే గుంటలో దించినవాళ్లు
తెల్లమచ్చ తగిలిన రాత్రి
ఏరేటర్లు తిరుగుతుండగానే గట్టు మీద కూలబడ్డారు.
పక్కాయనకు నాలుగు గుంటలు.
ఒకటి పోయింది, ఏడ్చాడు,
మర్నాడు మిగతా మూడింటికి మేత చల్లాడు.

ఇదంతా అనలేదు.
ఇంగ్లీషులో రెండు వాక్యాలు అన్నాను.

రైల్వే గేటు దగ్గర దోసెలు పోసే చెంగమ్మ
నా మాట మీదే నెలనెలా ఐదొందలు కడతా ఉంది.
"సిప్పు సిప్పు అంటా ఉండారే మేడమ్,
కడాకి చేతికి చిప్ప ఇయ్యరు గదా?"
నవ్వాను ఆరోజు.
అజెండా చదివిన రాత్రి నవ్వు రాలేదు.
పెనం సెగకు కమిలిన ఆ వేళ్ల నుంచి
నా ఫీజుకు ఎంత వస్తుందో లెక్కేశాను.
పైసాలో వందో వంతు కూడా లేదు.
ఉప్పుగల్లు కంటే చిన్నది.
కానీ రాశి ఎప్పుడూ
గల్లు గల్లుగానే తరుగుతుంది.

ఏడుకు కాదన్నాను.
కాదన్నట్టు మినిట్స్‌లో రాయమన్నాను,
నా ఇంటిపేరు స్పెల్లింగు విడమరిచి చెప్పాను.
కాసేపటికి చెన్నైలో ఒకాయన గొంతు సవరించుకుని
"నాదీ అదే మాట" అన్నాడు.
హద్దు ఎనిమిది దగ్గరే ఆగింది, ఈ మూడు నెలలకు.

ఆరు మాత్రం
అంతకు పది నిమిషాల ముందే
ఎవరూ నోరెత్తకుండా దాటిపోయింది.
నేనూ ఎత్తలేదు.

సోమవారం డబ్బు పడింది.
మోకాలి ఎక్స్‌రేకి కొంత, ఇన్వర్టరు బ్యాటరీకి కొంత.
పద్నాలుగు పేజీలూ చదివాను, పని చేశాను,
ఊరికే తీసుకున్నానా అని
మధ్యాహ్నమంతా నాకు నేనే చెప్పుకున్నాను.

చీకటి పడ్డాక మిద్దె దిగుతూ
చివరి మెట్టు మీద నిలబడి
దోపిన కొంగు తీసి దులిపాను.
వీధి దీపం ఇంకా వెయ్యలేదు.
ఏమన్నా రాలిందో లేదో
కనబడలేదు.