నాలుగో నట్టు

ముద్దనూరు దాటి యర్రగుంట్లకు పోయే దావలో
ఎడమ వెనక చక్రం కూలబడింది.
పదకొండు గంటల ఎండ.
డిక్కీలో పన్నెండు పెట్టెల చీనీకాయలు.
నీడ అనేదానికి సిమెంటు దుమ్ము కొట్టుకున్న ఒక తుమ్మచెట్టు,
దానికింద పాత టైర్ల గుట్ట,
పైటైరు మీద సున్నంతో రాసిన ఒకే మాట:
పంచర్.

మనిషి యాడ అని చూస్తాంటే
ఒక పెద్దామె లేచింది, కొంగు దోపుకుంటా.
"మొగోళ్ళెవరూ ల్యారు, నేనే," అనింది
నేను అడక్కముందే.
మస్తానమ్మంట పేరు.

మూడు నట్లు మాట విన్నాయి.
నాలుగోదానికి ఆరు పలకలు లేవు.
గుండ్రటి తల, నడుమ చెక్కిన ఏదో పువ్వు,
ఒక్క చెవికి మాత్రమే లొంగే పువ్వు.
ఆ చెవి ప్రొద్దుటూరులో
ఈ కారు నాకమ్మినాయన ఏ సొరుగులో ఉందో,
ఫోను చేస్తే "వెతుకుతా అన్నా" అంటాడు,
పోయినేడు కూడా అదే అన్నాడు.

"ఆర్సీ చూపియ్యి," అనింది.
నవ్వినా. ఆమె నవ్వలేదు.
"తాళం పగలగొట్టే సమ్మెట సామీ,
దొంగచేతిలోనూ ఇట్లనే మోగుతాది.
దానికి తెలీదు. నాకన్నా తెలియాల కదా."
నా పేరు కూడబలుక్కొని చదివి
ముఖంతో సరిచూసి
కాగితం తిరిగిచ్చింది.

నూనె డబ్బాలోని సాకెట్లు గోనెపట్ట మీద కుమ్మరించింది.
ఒక్కొక్కటే నట్టుతల మీద పెట్టి తీసింది.
వదులు. వదులు. మళ్ళీ వదులు.
పట్టనిది ఒకటి దొరికింది చివరికి.
"ఇదీ!" అనింది.
సరిపోయేది కాదంట కావాల్సింది,
వెంట్రుకవాసి సరిపోనిది.

మొదటి దెబ్బకు తుమ్మచెట్టు మీది కాకి లేచిపోయింది.
మూడో దెబ్బకు
అవతల నాపరాళ్ళ లారీ నీడన బీడీ తాగుతున్నాయప్ప
లెక్కపెట్టను మొదలుపెట్టినాడు.
తొమ్మిది.
ఇనుము ఇనుములోకి దిగింది
కొత్తల్లుడు అత్తారింట్లో దిగినట్టు,
బెట్టు చేసి చేసి.

రాడ్డుకు గొట్టం తొడిగింది.
బోరుబావి నుంచి పీకిన గొట్టం, నా ఎత్తుంది.
"మా చేన్లో చుక్క నీళ్ళియ్యలే. ఇట్లన్నా తిండి పెడతాంది."
పనిపిల్లోడు చిన్నోబులేసూ నేనూ
దాని చివర వేలాడినాం.
నట్టు ఒక్క కూత పెట్టింది.
పళ్ళు జివ్వుమన్నాయి.
అంతే.

సాకెట్టులో ఇరుక్కున్న నట్టును చూపించింది.
పువ్వు నలిగిపోయింది.
ఇంత చిన్నదా అనిపించింది.
ఆయన దగ్గర ఆరేండ్లు, నా దగ్గర రెండు,
ఏ రాత్రీ ఏ దొంగా ఈ చక్రాల దిక్కు చూడలే.
కాచుకొని కాచుకొని
ఎనిమిదేండ్లకు అది అడ్డం పడింది
నాకే.

"మిగతావీ తీసేద్దామా?"
రెండు వచ్చినాయి.
ముందర కుడిచక్రం కాడ సాకెట్టు పగిలింది.
ఆమె చాలాసేపు మాట్లాడలేదు,
పగుల్ని బొటనవేలితో తడుముతా కూర్చుంది.
ఆ సాకెట్టు వాళ్ళ నాయనదంట.
"ఇది నా చేత కాదు. కడపలో వెల్డింగు పెట్టి తీస్తారు.
పోనీలే, ఉండనీ.
దొంగ వస్తే ఒక చక్రమన్నా మిగుల్తాది నీకు."

ఐదువందలడిగింది. ఏడొందలిచ్చినా.
రెండువందలు వెనక్కిచ్చి
చీనీకాయలు మాత్రం ఒళ్ళో పట్టించుకుంది.

యర్రగుంట్ల రైలుగేటు పడింది.
ఫోను మోగింది. ప్రొద్దుటూరు.
"దొరికిందన్నా చెవి!
మా పాప బొమ్మల డబ్బాలో ఉండాది.
ఇంగ పనికొస్తాదా, పారెయ్యల్నా?"
"ఉంచు," అన్నా, "ఒకదానికి పనుంది."

గూడ్సు బండి పోతానే ఉంది.
కాయ ఒకటి ఒలుచుకున్నా.
చేతుల్లో ఏది నూనె వాసనో, ఏది తొక్క వాసనో
తెలియలే.