ఏపొద్దుది

పొదలకూరు రోడ్డులో
కింద రొయ్యల మేత బస్తాల గోడౌను,
పైన మా ఆఫీసు. రెండు బల్లలు, ఒక ఏసీ,
మెట్లెక్కేలోపే చున్నీకి పట్టే చేపపొడి వాసన.
పదిహేను రోజులకి ఆ వాసన నాకు తెలియడం మానేసింది.
ముక్కు కూడా ఒకసారి చూసిందాన్ని దాచిపెట్టుకుని
మళ్లీ చూడటం మానేస్తుందేమో.

నా పని చిన్నది. ఒక అచ్చు చెయ్యాలి.
పైన "నేటి రొయ్యల ధరలు",
కింద ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు,
ముప్పై కౌంటు, నలభై, యాభై, వంద,
వాటికెదురుగా ఖాళీ గళ్లు.
ఎవరు తలుపు తట్టినా అచ్చు లేచి
డేటాబేసు దగ్గరికి పరుగెత్తి
ఒక్కో గడినీ అడిగి నింపుకుని
పేజీ అయి వచ్చి నిలబడాలి.

పగలు బాగానే నిలబడింది.
రాత్రి రెండు దాటితే
గుంట గుంటకీ ఒక ఫోను వెలుగుతుంది.
వల లాగేముందు రేటు చూడాలి గదా.
ఆరొందలమంది ఒక్కసారే తట్టేసరికి
అవే ఊళ్లు, అవే గీతలు, అదే శీర్షిక
ఆరొందలసార్లు మొదట్నుంచీ రాసుకుంటూ
వగర్చింది నా అచ్చు.
తిరుగుతూనే ఉన్న చక్రాన్ని చూస్తూ
మోకాటిలోతు నీళ్లలో నిలబడిపోయారు మనుషులు.

"రాసిందే రాసేదెందుకు? దాచిపెట్టు"
అన్నాడు సుభానీ, టీగ్లాసు దించకుండా.

దాచాను.
నిండిన పేజీని నిండినట్టే ఎత్తి
గంటసేపు మెమరీలో పెట్టా.
తట్టినవాడికల్లా అదే చేతికిచ్చా.
మూడు సెకన్లు పట్టేది
రెప్పపడేలోపు వచ్చింది.
ఆ గ్రాఫు ఫోటో తీసి అమ్మకి పంపిస్తే
ఏం అర్థమైందో, పూలగుత్తి బొమ్మ పెట్టింది.

గురువారం, ఇంకా చీకటి.
అల్లూరు పక్కనుంచి మాలకొండయ్య ఫోను.
వెనక ఏరేటర్ల చప్పుడు, ఎవరో ఐసు దంచుతున్నారు.
"ఏందమ్మా, మీ పేజీ బో తొందరగా వస్తా ఉండాదే"
అన్నాడు ముందు. నేను థాంక్సు కూడా చెప్పా.
"మూడున్నరకి చూసినా. నలభై కౌంటు మూడొందలరవై అనుండె.
సరేలే అని ఇచ్చేసినా, మూడు టన్నులు.
లారీ పోయినాక మా బామ్మర్ది జెప్పె,
మూడింటికే మూడొందలెనభై అయిందంట గదా.
అదిగాదు గానీ
నువ్వు చూపించిన రేటు
ఏపొద్దుదమ్మా?"

గొంతులో కోపం లేదు.
ఉంటే బాగుండేది.
రెండు యాభైకి నిండిన పేజీ అది.
కిలోకి ఇరవై, మూడువేల కిలోలు.
ఆ లెక్కకి ఏ సర్వరూ అక్కర్లేదు.

పొద్దున మద్రాసు బస్టాండు దగ్గర
మస్తానమ్మ కారందోసెల బండి ముందు నిలబడ్డా.
పిండి రాత్రే రుబ్బింది. ఎర్రకారం రాత్రే నూరింది.
దోసె మాత్రం మనిషొచ్చాకే.
బస్సు కదులుతుందని ఒకడు
"ఆ పోసిపెట్టిందే ఇచ్చెయ్" అంటే
"అది ఇందాకటిది, ఆరిపోయుండాది. తింటావా?"
అనడిగి, వాడు ఊ అన్నాకే కాగితంలో చుట్టింది.

తిరిగొచ్చి అచ్చుని ముక్కలు చేశా.
శీర్షిక, ఊళ్లు, గీతలు: రాత్రి రుబ్బిన పిండి.
పిండీ పులుస్తుంది గనక వారానికోసారి పారబోత.
ధర గడి మాత్రం, ధర మారిన క్షణమే
దాచింది చెరిపేసుకుంటుంది.
అరసెకను బరువెక్కింది పేజీ.
సుభానీ గ్రాఫు చూసి పెదవి విరిచాడు.
నేను ఇంకో వరస చేర్చా, చిన్న అక్షరాల్లో:
ఈ ధర మూడూ పన్నెండుకి తెచ్చింది.

ఆ అరవైవేలు ఎవరమూ తిరిగివ్వలేదు.
ఆయనా అడగలేదు.

ఇప్పుడాయన గుంట ఎండగట్టి ఉంటుంది,
నెర్రెల్లో సున్నం చల్లి.
అమ్మడానికి ఒక్క రొయ్య లేదు.
అయినా లాగ్‌లో రోజూ మూడున్నరకి
అల్లూరు నుంచి ఆ నంబరే ఒకసారి తడుతుంది,
పేజీ అడుగుదాకా వెళ్లి
కాసేపు ఆగుతుంది.