డబ్బా మీది మాట

కాశీబుగ్గ ప్రెస్సు నించి కొత్త డబ్బాలొచ్చాయి.
ముదురాకుపచ్చ అట్ట, బంగారు రంగు అక్షరాలు,
జీడిగుండు బొమ్మ నెత్తిన ఒకే ఒక్క మాట:
లావిష్.
ఓనరు గారి అల్లుడు పెట్టిన పేరట.

కొట్టుడు షెడ్డులోంచి దాలమ్మ లేచొచ్చి
మోచేత్తో డబ్బాని ఇటు తిప్పింది.
వేళ్ల నిండా జీడి, అట్టకి మరకవుతుందని.
"ఏటి రాసినారు బావూ దీని మీద?"
చదివేను.
"అంటే?"
అంటే, అన్నాను. ఆగిపోయేను.
ఇరవయ్యేళ్లుగా కాటా పుస్తకం రాసేవాణ్ణి,
తూకానికి రాని మాట అడిగితే ఏం చెప్పను.

మా అమ్మాయి ఇంటర్లో కొన్న డిక్షనరీ ఆ రాత్రి దులిపేను.
ధారాళమైన, అంది.
పక్కనే, మితిమీరిన, అంది.
రెంటికీ మధ్య ఒక్క కామా అడ్డం.
విందుకి ముందు చేరితే మెప్పు,
ఖర్చుకి ముందు చేరితే మూతి విరుపు.
అడుగున చీమతలకాయలంత అక్షరాల్లో
దాని పుట్టుక:
పాత ఫ్రెంచి భాషలో, కుండపోత వాన.

మర్నాడు టీ వేళ చెప్పేను.
దుబారా అన్నమాట, అన్నాను ముందు.
కౌసల్య కిసుక్కుమంది:
"జీడిపప్పుకి దుబారా ఏటండి,
గుండు బద్దయితే కూలి కోసెత్తారు గదా!"
వానలోంచి పుట్టిన మాట, అన్నాను తర్వాత.
ఎవరూ నవ్వలేదు.
గ్లాసుల్లో టీ మీద మీగడ కట్టింది.

ఉద్దానం వాళ్లకి వాన అంటే
వెంటనే ఆ రాత్రే, తిత్లీ.
గాలి చెయ్యి పట్టుకుని ఆపేవాళ్లు లేకపోయేరు.
తెల్లారి చూస్తే
తోట ఉన్న చోటల్లా ఆకాశం.
"మాకున్నవి నలబై సెట్లు," అంది దాలమ్మ,
"ఒక్క రాత్రిలో కర్సెట్టీసింది.
అదా నీ మాట? మరి తెల్దేటి మాకు."

శనివారం కూలి అందుకుని
గేటు వైపు పోలేదామె.
చుట్టూ తిరిగి, వీధి వైపు కౌంటరు దగ్గర
కొనేవాళ్లు నిలబడే చోట నిలబడింది.
"పావుకిలో. గుండు. ఆ డబ్బాలోదే."
రెండ్రోజుల కూలికి కొంచెం తక్కువ.
దాలమ్మా, దీని ఖరీదు నీకు...
"నానడిగింది కరీదు కాదు బావూ."

బిల్లు రాసేను.
డబ్బా పట్టుకుని మళ్లీ లోపల్నించే నడిచింది,
అప్పన్న కూర్చునే గేటు కాడికి.
రోజూ టిఫిను గిన్నె మూత తీయించేవాడు,
కొంగు ముడి విప్పించేవాడు,
నోరు తెరువు అనేవాడు.
ఆమె అతని ఎదురుగా రెండు గుండ్లు నోట్లో వేసుకుని
తీరుబడిగా నమిలింది.
అడక్కుండానే నోరు తెరిచింది. "సూడు."
అప్పుడు తీసింది బిల్లు.

తర్వాత అనింది,
"ఓలమ్మ, ఇంతేనేటి. ఉప్పైనా లేదు."

కౌసల్య ఒడిలో ఇంత, పీలింగు ఆడవాళ్లకి తలా నాలుగు,
సైకిల్ మీద పోతున్న ఎవరి గుంటడికో గుప్పెడు.
అప్పన్న కూడా చెయ్యి చాపేడు,
ఎటో చూస్తూ.
రెండు పెట్టింది.
రైలు గేటు దాటకముందే డబ్బా ఖాళీ.

సోమవారం కొంగు ముడి విప్పి
నాలుగు మడతల బిల్లు నా ముందు పెట్టింది.
"ఇది సదవండి."
తేదీ చదివేను. రెండొందల యాభై గ్రాములు.
లావిష్ గుండు.
శ్రీమతి గొరకల దాలమ్మ గారు.
"పేరు కాడ ఇంకోపాలి."
చదివేను.
"సివర్ది."
గారు, అన్నాను.

అందరికీ అలాగే రాస్తాను, అలవాటు.
ఆ సంగతి ఆమెకి చెప్పలేదు.

డబ్బా ఏం చేశావంటే చూపించింది.
కొట్టుడు పీట పక్కనే ఉంది,
బంగారు అక్షరాల మీద అప్పుడే నల్లటి వేలిముద్రలు.
జీడి అంటకుండా వేళ్లకి రాసుకునే బూడిద
నిండుగా పోసుకుంది అందులో.